పది పడితే పదే రాశాను, అయినా మోసం చేశానంటున్నారు

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. వయసు నలభైకి దగ్గర, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల కింద గోల్ఫ్ మొదలుపెట్టారు. అక్కడి తెలుగువాళ్లు పదహారు మంది గ్రూపుగా ఏర్పడి శనివారాలు ఆడతారు. ఆ గ్రూపుకు పెద్దదిక్కుగా ఉన్న ఒకాయనను ఈయన 'అన్నయ్యా' అని పిలుస్తారు. అమెరికా వచ్చిన కొత్తలో ఇల్లు దొరికేదాకా తన ఇంట్లో ఉంచుకున్నది ఆయనే, డ్రైవింగ్ టెస్టుకు కారు ఇచ్చింది ఆయనే, చేతికి మొదటిసారి గోల్ఫ్ క్లబ్ అందించిందీ ఆయనే.

పోయిన నెల గ్రూపు టోర్నమెంటు జరిగింది. గోల్ఫ్‌లో మొత్తం ఎన్ని దెబ్బలు (స్ట్రోకులు) పడితే అదే స్కోరు, ఎంత తక్కువైతే అంత మేలు. హ్యాండికాప్ అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఆ స్కోరులోంచి తీసేసే స్ట్రోకులు, తీసేశాక మిగిలేది నెట్. ఆ స్ట్రోకులు ఎన్నో తేల్చే మూల అంకె ఇండెక్స్. ఈయన హ్యాండికాప్ ఇండెక్స్ 18.4. ఆ రోజు ఎన్నడూ లేనిది 84 కొట్టారు. హ్యాండికాప్ కింద 19 స్ట్రోకులు పోగా నెట్ 65. మొదటి బహుమతిగా 150 డాలర్ల గిఫ్ట్ కార్డు వచ్చింది. రెండో స్థానంలో వచ్చినవారిది నెట్ 69. అన్నయ్య ఇండెక్స్ 11.2. ఆయన 90 కొట్టి, 11 పోగా నెట్ 79 దగ్గర ఆగిపోయారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఆయన ఒక మాట పెట్టారు: "మామూలుగా 96 కొట్టేవాడు టోర్నమెంటు రోజే 84 కొడితే దాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు." అంటే బహుమతుల కోసం కావాలని చెత్త స్కోర్లు చూపించి హ్యాండికాప్ పెంచుకోవడం. మర్నాడు హ్యాండికాప్ యాప్ తెరిస్తే ఇండెక్స్ ఒక్కసారిగా 16.4కు పడిపోయి ఉంది. "కంప్యూటర్ కూడా పట్టేసింది చూడండి" అంటూ ఇంకొకరు స్క్రీన్‌షాట్ పెట్టారు.

ఈయన బాధ ఏమిటంటే, ఏ స్కోరూ దాచలేదు. "శనివారం ఇంటికి రాగానే మొత్తం స్కోరు యాప్‌లో కొట్టేస్తాను. ఒక హోల్‌లో పది పడితే పదే లెక్కేస్తాను, ఒక్కటి కూడా తగ్గించను. ప్రతి స్కోరు కార్డు ఫొటో నా ఫోన్లో ఉంది. సాయంత్రాలు ఆఫీసు స్నేహితుడితో ఆడే తొమ్మిది హోల్స్ మాత్రం రాయను, అది సరదా ఆట కదా" అన్నారు. భార్యకు కోపం వచ్చింది. గోల్ఫ్ మానేయమంటున్నారు, రెండు వారాల్లో అన్నయ్యగారింట్లో జరిగే సత్యనారాయణ వ్రతానికి రానంటున్నారు. అసలు ఈ అంకె ఎలా వస్తుంది? అదే ఇండెక్స్‌కు ఒక కోర్సులో 20, ఇంకో కోర్సులో 17 ఎందుకు చూపిస్తుంది? గిఫ్ట్ కార్డు తిరిగి ఇచ్చేయాలా? గ్రూపు వదిలేయాలా? వచ్చే నెల టోర్నమెంటులో ఏ హ్యాండికాప్‌తో ఆడాలి? ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రెండు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఒకటి మీ నిజాయితీ, రెండోది మీ హ్యాండికాప్ అంకె. అన్నయ్యగారు రెంటినీ కలిపి ఒక మాట అనేశారు. మీరు కూడా రెంటినీ కలిపే బాధపడుతున్నారు. మీరు రాసిన వివరాల్లో నాకు మోసం ఎక్కడా కనబడలేదు. కానీ మీ అంకె సరైనది కాదు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. మీరు నిజాయితీ అనుకుని చేసిన పనే దాన్ని పెంచింది. అదెలాగో తెలియాలంటే లెక్క మొదటినుంచీ చూడాలి.

ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న హ్యాండికాప్ పద్ధతి 2020 జనవరిలో మొదలైంది. అమెరికాలోని యూఎస్‌జీఏ, బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ అనే గోల్ఫ్ సంస్థలు కలిసి తెచ్చాయి. అంతకుముందు ఒక్కో చోట ఒక్కో లెక్క ఉండేది, ఆరు పద్ధతులను కలిపి ఒకటి చేశారు. అందులో మూల సూత్రం ఒకటే. మీరు ఆడిన ప్రతి రౌండుకూ డిఫరెన్షియల్ అని ఒక అంకె వస్తుంది. స్కోరులోంచి ఆ కోర్స్ రేటింగ్ తీసేయాలి, మిగిలినదాన్ని 113తో గుణించి, స్లోప్ రేటింగ్‌తో భాగించాలి. ఆ రోజు వాతావరణం వల్ల అందరి స్కోర్లూ అసాధారణంగా ఉంటే చిన్న సవరణ కూడా ఉంటుంది, అది తరచూ రాదు. కోర్స్ రేటింగ్ అంటే హ్యాండికాప్ సున్నా ఉన్న ఆటగాడు అక్కడ మామూలుగా కొట్టే స్కోరు. స్లోప్ అంటే మనలాంటి వాళ్లకు ఆ కోర్సు అదనంగా ఎంత కష్టం అని చెప్పే అంకె. అది 55 నుంచి 155 వరకు ఉంటుంది, మధ్యస్థం 113.

మీ టోర్నమెంటు కోర్సులో రేటింగ్ 71.2, స్లోప్ 128, పార్ 72 అని రాశారు. పార్ అంటే కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకులు, ఒక్కో హోల్‌కూ ఇలాగే ఒక పార్ ఉంటుంది. 84 లోంచి 71.2 తీస్తే 12.8. దాన్ని 113తో గుణించి 128తో భాగిస్తే 11.3. ఆ రోజు మీ డిఫరెన్షియల్ అది. ఇలా చివరి 20 రౌండ్ల డిఫరెన్షియల్స్ వరుసగా పెట్టి, వాటిలో బాగా ఆడిన 8 మాత్రమే తీసుకుని సగటు కడితే మీ ఇండెక్స్.

పన్నెండు చెత్త రౌండ్లు లెక్కలోకే రావు. అందుకే మీ ఇండెక్స్ మీరు రోజూ ఎంత కొడతారో చెప్పే అంకె కాదు, బాగా ఆడితే ఎంత కొట్టగలరో చెప్పే అంకె. అదే కోర్సులో 96 కొడితే డిఫరెన్షియల్ 21.9. మీ ఇండెక్స్ 18.4. మూడు, మూడున్నర తేడా ఉండడం చాలామందిలో మామూలే. కాబట్టి "మామూలుగా 96 కొట్టేవాడు" అన్న మాటకు ఇక్కడ పెద్దగా విలువ లేదు. హ్యాండికాప్ ఉన్న ప్రతివాడూ నాలుగైదు రౌండ్లకు ఒకసారి తన ఇండెక్స్ దగ్గరకు వస్తాడు, మిగతా రోజుల్లో దానికన్నా ఎక్కువే కొడతాడు.

ఇక 20, 17 సంగతి. ఇండెక్స్ మీది. కోర్సును బట్టి అది స్ట్రోకులుగా మారుతుంది. ఇండెక్స్‌ను ఆ కోర్సు స్లోప్‌తో గుణించి 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా కలపాలి. టోర్నమెంటు కోర్సులో 18.4కు 20 వస్తుంది. మీరు చెప్పిన రెండో కోర్సులో రేటింగ్ 68.3, స్లోప్ 115, పార్ 70. అక్కడ 17 వస్తుంది. తేలిక కోర్సులో తక్కువ స్ట్రోకులు, అంతే. ఎవరికి వారు ఆడి మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే (స్ట్రోక్ ప్లే) పోటీల్లో ఆ అంకెలో 95 శాతమే ఇస్తారు కాబట్టి టోర్నమెంటులో 20 కాస్తా 19 అయింది. ఇక్కడ ఎవరూ ఏ పొరపాటూ చేయలేదు.

పొరపాటు జరిగింది స్కోరు రాసే చోట. పది పడితే పదే రాస్తాను అన్నారు కదా. గోల్ఫ్ ఆటగా చూస్తే అది సరైనదే, ఆ రోజు మీ స్కోరు అదే. కానీ హ్యాండికాప్ కోసం రాసే స్కోరు వేరు. ఒక్కో హోల్‌కు ఒక గరిష్ఠం ఉంటుంది: పార్‌కు రెండు కలిపి, ఆ హోల్‌లో మీకు వచ్చే హ్యాండికాప్ స్ట్రోకు కూడా కలపాలి. దాన్ని నెట్ డబుల్ బోగీ అంటారు. మీకు 20 స్ట్రోకులు ఉన్నాయంటే పద్దెనిమిది హోల్స్‌కూ ఒక్కొక్కటి, బాగా కష్టమైన రెండు హోల్స్‌కు రెండేసి. అంటే ఒక మామూలు పార్ 4లో మీ గరిష్ఠం 4 కు 2, ఆపైన 1, మొత్తం 7. నీళ్లలో రెండు బంతులు పోయి పది పడినా, హ్యాండికాప్ లెక్కకు అది 7.

మీరు పంపిన కార్డుల్లో ఒకటి చూశాను. మొత్తం 97. అయిదో హోల్ పార్ 4, పది. పన్నెండో హోల్ పార్ 4, తొమ్మిది. ఆ రెంటికీ మీకు ఒక్కో స్ట్రోకే వస్తుంది. మిగతా హోల్స్ అన్నీ వాటి గరిష్ఠాల లోపే ఉన్నాయి. పదిని 7, తొమ్మిదిని 7 చేస్తే యాప్‌లో పడాల్సింది 92. మీరు 97 వేశారు. అదే కోర్సు కాబట్టి 97కు డిఫరెన్షియల్ 22.8, 92కు 18.4. ఒక్క రౌండులోనే నాలుగు పైన తేడా. యాప్‌లో హోల్ తర్వాత హోల్ స్కోరు వేస్తే ఈ కోత అదే వేసుకుంటుంది. ఇంటికి వచ్చాక మొత్తం ఒకే అంకెగా వేసేవాళ్లు మాత్రం ముందే కోసుకుని వేయాలి. మీకు ఇది ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్లకు క్లబ్ పట్టుకోవడం చూపిస్తారు, బంతి మీద కన్ను పెట్టమంటారు, స్కోరు ఎలా రాయాలో చెప్పేవాళ్లు తక్కువ.

రెండో పొరపాటు సాయంత్రం ఆట. తొమ్మిది హోల్స్ రౌండ్లు కూడా రాయాల్సిందే. పక్కన ఇంకొకరు ఉండి, నిబంధనల ప్రకారం ఆడితే అది లెక్కలోకి వచ్చే స్కోరు. 2024 నుంచి ఇంకో తొమ్మిది ఎప్పుడు ఆడతారా అని చూడకుండా, మీ ఇండెక్స్‌ను బట్టి మిగతా తొమ్మిదికి ఒక అంచనా కలిపి వెంటనే పద్దెనిమిది హోల్స్ డిఫరెన్షియల్ కట్టేస్తున్నారు. మీరు ఒంటరిగా ఆడినవి మాత్రం పనికిరావు. సాయంత్రం 41, 42 కొడుతున్నానని రాశారు. వాటిలో కొన్ని మీ మంచి ఎనిమిదిలోకి వచ్చి ఇండెక్స్‌ను ఇంకాస్త కిందికి లాగి ఉండేవి.

యాప్ మిమ్మల్ని "పట్టేసింది" అన్న మాట కూడా చూద్దాం. మీ 18.4 అనేది ఎనిమిది డిఫరెన్షియల్స్ సగటు. వాటి మొత్తం 147.2. మీ జాబితాలో ఎనిమిదోది 19.3. కొత్తగా వచ్చిన 11.3 దాన్ని బయటికి తోసింది. మొత్తం 139.2 అయింది, సగటు 17.4. అంటే 18.4 నుంచి 17.4కు దిగడం మామూలు లెక్క. మిగతా 1.0 ఎక్కడిదంటే, ఏ రౌండైనా ఆనాటి ఇండెక్స్ కన్నా 7.0 నుంచి 9.9 దాకా మెరుగ్గా ఉంటే, చివరి 20 డిఫరెన్షియల్స్ అన్నింటిలోనూ 1.0 తగ్గించమని నియమం. పది, ఆపైన ఉంటే 2.0. మీది 18.4 లోంచి 11.3 తీస్తే 7.1. గీత దాటింది ఒక్క పదో వంతు. ఇది శిక్ష కాదు, ఎవరో ఫిర్యాదు చేస్తే వచ్చింది కాదు. అసాధారణంగా బాగా ఆడిన ఎవరికైనా దానంతట అదే పడుతుంది, కొత్త రౌండ్లు వచ్చేకొద్దీ కరిగిపోతుంది. స్కోర్లు సరైన పద్ధతిలో రాసి మీ ఇండెక్స్, ఉదాహరణకు, 15.5 దగ్గర ఉండి ఉంటే, ఇదే 84 కేవలం 4.2 మెరుగు. అప్పుడు ఈ కోతా పడేది కాదు, స్క్రీన్‌షాటూ ఉండేది కాదు.

మీ పక్షాన ఇంకో ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. ఏడాదిగా మీ ఇండెక్స్ 17.6 కూ 19.1 కూ మధ్యే తిరిగింది. టోర్నమెంటు ముందు పెంచుకునేవాడి చరిత్ర అలా ఉండదు. పైగా ఏడాదిలో మీ కనిష్ఠ ఇండెక్స్ మీద 3.0 పెరిగాక ఆ పైది సగమే పెరుగుతుంది, 5.0 దాటి అసలు పెరగదు. ఈ చరిత్ర మీ క్లబ్బులో ఎవరైనా చూడొచ్చు. తోటి ఆటగాళ్లు చూసి అడగాలనే దాన్ని దాచకుండా పెట్టారు.

ఇప్పుడు అన్నయ్యగారు. ఆయన ఆట మొదలుపెట్టే చోట (మొదటి టీ దగ్గర) బంతి చెట్లలోకి పోతే రెండోది కొట్టి రెండోదే లెక్కేస్తారని (దీన్ని మల్లిగన్ అంటారు), బంతిని గుంటలోకి దొర్లించే నాలుగడుగుల పట్‌లు కొట్టకుండానే తీసేసుకుంటారని రాశారు. పట్ సంగతి అంత తప్పు కాదు. సరదా రౌండులో హోల్ పూర్తి చేయకపోతే, అయిదడుగుల లోపు ఉన్నదానికి ఒక స్ట్రోకు కలిపి రాయొచ్చు. మల్లిగన్ మాత్రం లెక్కను పాడు చేస్తుంది. అలాంటి స్కోర్లతో ఆయన 11.2 దగ్గరున్నారు కానీ ఆయన ఆటకు నిజంగా అంతకన్నా పెద్ద అంకె రావాలి. అందుకే ప్రతి టోర్నమెంటులోనూ నెట్‌లో ఓడిపోతున్నారు. ఆయన కోపానికి సగం కారణం అది అని నా అనుమానం. ఏళ్లుగా ఓడిపోతూ ఉన్న మనిషికి, తను నేర్పిన పిల్లవాడు పద్నాలుగు స్ట్రోకుల తేడాతో ముందుండడం గుచ్చుకుంటుంది. అయినా ఈ విషయాన్ని మీరు ఆయన ముందు ఎత్తకండి. ఇప్పుడు ఎత్తితే అది నిజమైనా ఎదురుదాడిగానే వినిపిస్తుంది.

మీ ముందున్న దారులు చూద్దాం. ఏమీ అనకుండా ఇకనుంచి సరిగ్గా రాసుకుంటూ పోవచ్చు. వారానికి ఒక రౌండు చొప్పున పాత 20 రౌండ్లు కొట్టుకుపోవడానికి అయిదు నెలలు పడుతుంది, సాయంత్రం ఆటలు కూడా రాస్తే ఇంకా తొందరగా. టెక్సస్‌లో ఏడాది పొడవునా స్కోర్లు రాసే అవకాశం ఉంది కాబట్టి ఆగాల్సిన పనిలేదు. గొడవ ఉండదు. కానీ గ్రూపులో పడిన మాట అలాగే ఉండిపోతుంది, మీ ఇండెక్స్ దిగుతున్నప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని గుర్తుచేస్తారు.

నేనైతే రెండో దారి వైపు మొగ్గుతాను. ఫోన్లో ఉన్న కార్డుల ఫొటోలు తీసి, చివరి 20 రౌండ్లకూ నెట్ డబుల్ బోగీ కోత వేసి చూడండి. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. సాయంత్రం రౌండ్ల కార్డులు ఉంటే అవీ కలపండి. మీకు ఇండెక్స్ ఇచ్చిన క్లబ్బుకు హ్యాండికాప్ కమిటీ ఉంటుంది. వాళ్లకు కార్డులతో సహా పంపి సరిచేయమని అడగండి. రావాల్సిన దానికన్నా ఎక్కువ అంకె తెచ్చుకున్నవాడు తనంతట తానే తగ్గించమని అడగడం వాళ్లు ఎక్కువగా చూసి ఉండరు. దీనికి ఖరీదు ఉంది. మీ ఇండెక్స్ ఇంకా దిగుతుంది, కొన్నాళ్లు ఏ బహుమతీ రాకపోవచ్చు. గ్రూపులో చెప్పినప్పుడు "మేం అనలేదా" అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. మిగతా పదముగ్గురు ఏమనుకుంటారన్నదే మీకు ముఖ్యం కావాలి.

గిఫ్ట్ కార్డుకు జవాబు కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది. టోర్నమెంటుకు ముందు రోజు మీ సరైన ఇండెక్స్ 15.5 అని తేలితే, ఆ కోర్సులో మీకు 16 స్ట్రోకులు, నెట్ 68. అప్పటికీ మొదటి స్థానం మీదే, కార్డు నిశ్చింతగా ఉంచుకోండి. 14.0 అని తేలితే 14 స్ట్రోకులు, నెట్ 70, అప్పుడు బహుమతి 69 వచ్చినవారిది. లెక్క చూపించి వారికే ఇచ్చేయండి. లెక్క వేయకముందే ఇచ్చేస్తే మాత్రం నేరం ఒప్పుకున్నట్టే అందరూ తీసుకుంటారు.

గ్రూపులో పెట్టేముందు అన్నయ్యగారిని ఒక్కరినే కలవండి. వాట్సాప్‌లో వద్దు, ఫోన్‌లో కూడా వద్దు. డ్రైవింగ్ రేంజ్ దగ్గరో, ఆయన ఇంటి పెరట్లోనో అయితే బాగుంటుంది. లెక్క ముందు చెప్పండి: "అన్నయ్యా, మొత్తం స్కోరు వేసేటప్పుడు హోల్ గరిష్ఠం కోయాలని నాకు తెలియదు. నా అంకె ఎక్కువే ఉంది, కమిటీకి పంపాను." ఆ తర్వాత రెండోది: "అంకె తప్పని మీరు నాతో అంటే సంతోషించేవాణ్ని. పదహారు మంది ముందు మోసం అన్నారు, అది నాకు చాలా బాధగా ఉంది." ఈ రెండు వాక్యాలూ కలపకుండా, మధ్యలో ఆయనకు మాట్లాడే వీలిచ్చి చెప్పండి. ఆయన 2020కి ముందు నుంచీ ఆడుతున్న మనిషి. అప్పట్లో అమెరికాలో మంచి పది తీసుకుని 0.96తో గుణించేవారు, హోల్ గరిష్ఠానికీ వేరే పట్టిక ఉండేది. ఆయనకు కొత్త లెక్క పూర్తిగా తెలియకపోయే అవకాశం ఉంది. "మనిద్దరి కార్డులూ కలిపి ఒకసారి చూద్దామా" అని అడిగితే ఆయన అంకె సంగతి మీరు ఎత్తకుండానే ఆయనకు కనబడొచ్చు. ఆయన వినకపోవచ్చు కూడా. అప్పుడు లెక్కను గ్రూపులో నాలుగు వాక్యాల్లో పెట్టి, కింద వాదనలకు జవాబివ్వకుండా ఊరుకోండి.

గ్రూపు వదిలేయడం మీ ఇష్టం. ఈ స్థితిలో వదిలితే ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పని చోట దాన్ని వదిలి వచ్చినట్టవుతుంది. ఉగాదికీ, పిల్లల పుట్టినరోజులకూ మళ్లీ అదే మనుషులు. మనసు బాగా విరిగితే రెండు నెలలు బహుమతి ఆటలకు దూరంగా ఉండి, శనివారం మాత్రం వెళ్లి ఆడి రండి. మానేయడం కన్నా అది నయం. హోల్ వారీగా అదే రోజు స్కోరు వేయాలని, హ్యాండికాప్ తీయని స్కోరుకు (గ్రాస్) బహుమతి కూడా ఒకటి పెట్టాలని గ్రూపులో నియమం వస్తే అందరికీ మంచిది. కానీ ఆ ప్రతిపాదన ఇప్పుడు మీ నోట రాకూడదు, వేరే ఎవరితోనైనా చెప్పించండి.

మీ భార్యను ఒప్పించే ప్రయత్నం వెంటనే మొదలుపెట్టకండి. ఆమెకు డిఫరెన్షియల్స్ అక్కర్లేదు. తన భర్తను నలుగురిలో దొంగ అన్నారు, అది ఆమె గాయం. అన్నయ్యగారితో మాట్లాడే పని వ్రతానికి ముందే పూర్తయితే, ఆ మాట ఎలా జరిగిందో ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పండి, నిర్ణయం ఆమెకే వదలండి. ఆమె రానంటే మీరు ఒక్కరే వెళ్లి ప్రసాదం తీసుకుని రావచ్చు. వదినగారికి ముందుగా ఒక ఫోన్ చేస్తే ఆమె లేని లోటు గొడవగా మారదు. ఇద్దరూ మానేస్తే మాత్రం, గోల్ఫ్‌లో మొదలైన తగువు రెండు ఇళ్ల మధ్యకు వస్తుంది. ఆ ఇంట్లో మీరు మొదటి రోజులు గడిపారు, అది ఆలోచించండి.

చివరిగా వచ్చే నెల టోర్నమెంటు. ఇప్పుడు ఇండెక్స్ ఏ రోజుకారోజు మారుతుంది కాబట్టి, ఆ రోజు పొద్దున యాప్‌లో ఉన్నదానితోనే ఆడాలి. కమిటీ సవరణ అప్పటికి పూర్తయి ఉంటే చిక్కే లేదు. పూర్తి కాకపోతే, మీరు వేసుకున్న లెక్కను టోర్నమెంటు నడిపేవాళ్లకు వారం ముందే పంపించి, ఆ తక్కువ అంకెతో ఆడనిమ్మని అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే యాప్ అంకెతో ఆడి, ఆ రోజు నెట్ బహుమతుల జాబితాలో మీ పేరు వద్దని చెప్పండి. స్కోరు మాత్రం ఆ సాయంత్రమే హోల్ తర్వాత హోల్ యాప్‌లో వేయండి.